ఉన్మాదము సంచారియా, స్థాయియా? – 'చివరకు మిగిలేది' చలనచిత్రముపై ఒక పరిశీలనము

1960వ సంవత్సరమున విడుదలయిన 'చివరకు మిగిలేది' అను తెలుగు చలనచిత్రమును గూర్చి తరగతిలో ప్రస్తావించినచో విద్యార్థులు మొదట బుచ్చిబాబు నవలనే తలచుకొందురు. ఆ పొరపాటు సహజము. నవలకును చిత్రమునకును పేరు తప్ప వేఱు సంబంధము లేదు. నవలకు నాయకుడు దయానిధి. చిత్రమున నాయకుడనదగినవాడు లేడు, ఉన్నది నాయిక. ఆమె మానసిక చికిత్సాలయమున నర్సు. గుత్తా రామినీడు దర్శకత్వమున సావిత్రి ఆ పాత్రను ధరించినది. కథ వంగదేశమునుండి వచ్చినది. ఆశుతోష్ ముఖోపాధ్యాయ రచించిన 'నర్సు మిత్ర' అను కథను అసిత్ సేన్ 1959లో 'దీప్ జ్వేలే జాయ్' అను పేర తెరకెక్కించెను. అందు సుచిత్రా సేన్ నాయిక. మఱుసటి యేడే అది తెలుగయినది. ఆ దశాబ్ది చివర అసిత్ సేనే దానిని 'ఖామోషీ' అను పేర హిందీలో మరల తీసెను. అందు వహీదా రెహమాన్ నర్సు.

కథ సంగ్రహముగా ఇది. ప్రేమభంగమున మతి చలించిన యువకులకు మందుకంటె మమత మేలైన చికిత్స అని ఆస్పత్రి వైద్యుని నమ్మకము. ఆ మమతను నర్సు నటించవలెను. రోగి దానిని నిజమని నమ్మవలెను. ఒక రోగి అట్లే స్వస్థుడై, ఆమెను మఱచి, తన దారిని వెడలిపోవును. రెండవ రోగి వచ్చును. ఆమె మొదట నిరాకరించును, పిదప ఒప్పుకొనును. ఇతడును కోలుకొనును. ఇంతలో నర్సు మతి తప్పును. మొదటిసారి ఆమె చేసినది నటన కాదు, రెండవసారియు కాదు. తాను సేవచేసిన ఆస్పత్రిలోనే ఆమె రోగియగును. చిత్రము అచట ముగియును.

ఈ చిత్రమును అలంకారశాస్త్రము వెలుగులో పరిశీలింపబూనుట కొందఱకు వింతగా తోచవచ్చును. కాని ఉన్మాదమును రంగస్థలముపై ఎట్లు చూపవలెనో విధించిన శాస్త్రము మనకు కలదు. దాని ప్రభావము నేటి తెరమీద కూడ నడచుచున్నదని నా విశ్వాసము. భరతుడు ముప్పదిమూడు వ్యభిచారిభావములను చెప్పినాడు. వానిలో ఉన్మాదమొకటి, అపస్మారమొకటి, జడత యొకటి. ఇష్టజనవియోగము, ధననాశము, దెబ్బ తగులుట, వాతపిత్తశ్లేష్మముల ప్రకోపము – ఇవి ఉన్మాదమునకు కారణములు. నిష్కారణముగా నవ్వుట, ఏడ్చుట, అరచుట, పొంతనలేని మాటలాడుట, పరుగెత్తుట, ఆడుట, పాడుట, దుమ్మును బూడిదను పూసికొనుట, గడ్డిని, వాడిన పూవులను, చినిగిన గుడ్డలను ఒంటిపై ధరించుట – ఇవి అనుభావములు. రెండువేల యేండ్ల క్రిందటి ఈ పట్టికను చేతబట్టుకొని మన చిత్రములలోని పిచ్చాసుపత్రి దృశ్యముల నేదైనను చూడుడు. ఒక్క అంశమైనను తప్పిపోదు. వేషము మాత్రము మాఱినది. గడ్డికి బదులు కాగితపు కిరీటము.

అంతకంటె ముఖ్యమైనది ఉన్మాదమునకు శాస్త్రమిచ్చిన స్థానము. అది స్థాయి కాదు, సంచారి. వచ్చును, పోవును, రతినో శోకమునో పోషించి తొలగిపోవును. పది కామావస్థలలోను అది ఒక మెట్టు. వ్యాధి, జడత, మరణములు దాని తరువాతివి. పురూరవుడు ఊర్వశిని గానక అడవిలో చెట్టును పుట్టను అడుగుచు తిరిగినాడు. ఆ వెఱ్ఱి అతని ప్రేమకు కొలమానము. ఊర్వశి దొరకినది, వెఱ్ఱి పోయినది. ఆ పోయిన వెఱ్ఱిని గుఱించి మనము మరల అడుగము. అది కావ్యమున దోషము కాదు. కాని వ్యాధిగ్రస్తుని జీవితమునే కథావస్తువుగా గైకొన్న చలనచిత్రము ఇదే సౌకర్యమును వాడుకొనినప్పుడు ఏమగునో విచారింపవలెను.

1963లో కోటయ్య ప్రత్యగాత్మ దర్శకత్వమున వచ్చిన 'పునర్జన్మ' ఇందుకు తగిన ఉదాహరణము. గుల్షన్ నందా హిందీ నవల దీనికి మూలము, తరువాత ఎల్.వి. ప్రసాద్ నిర్మాతగా 1970లో 'ఖిలోనా' అను పేర హిందీకిని వెళ్ళినది. ఇందును ప్రియురాలి మరణమున మతిచెడిన యువకుడు కలడు. అక్కినేని నాగేశ్వరరావు ఆ పాత్ర ధరించినాడు. ఇందును అతనిని బాగుచేయుటకు ప్రేమను నటింప నియోగింపబడిన స్త్రీ కలదు. ఆమె నర్తకి, కృష్ణకుమారి ఆ పాత్రధారిణి. ఇందును ఆ నటన నిజమగును. మూడేండ్ల వ్యవధిలో తెలుగు తెరమీదికి వచ్చిన ఈ రెండు కథలకు పునాది ఒక్కటే. అయితే 'పునర్జన్మ'లో ఆ స్త్రీ చేసిన సేవకు ఫలము లభించును. ఉన్మాదము తన పని ముగించుకొని తెరనుండి నిష్క్రమించును. పేరులోనే ఆ వాగ్దానము కలదు. 'చివరకు మిగిలేది' పేరులోను ఒక వాగ్దానము కలదు, కాని అది వేఱు విధమైనది. ఇందు ఉన్మాదము నిష్క్రమించదు; రోగినుండి నర్సునకు సంక్రమించును. సంచారి స్థాయియైనది. నేను చూచినంతలో మన పాత చిత్రములలో ఇట్టి సాహసము మఱియొకటి లేదు.

ఇంతవఱకు చెప్పినది గ్రంథముల బలముతో చెప్పినది. ఇక నా స్వానుభవమొకటి చెప్పక ఈ విచారణ ముందుకు సాగదు. పరిశోధన పత్రమున ఇట్టిది తగదని నాకు బోధించిన గురువులు క్షమింతురుగాక.

మాది మోత్కూరు. 2016 అక్టోబరునుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. నా బాల్యమున నల్లగొండ జిల్లాలోనిది. 1990వ దశకము ఆరంభమున మా వాడలో ఒకే యింట టెలివిజను ఉండెడిది. ఒకనాటి సాయంకాలము దూరదర్శన్‌లో 'చివరకు మిగిలేది' వచ్చినది. పాత బొమ్మ, నలుపు తెలుపు. అయినను వాడంతయు ఆ యింటి ముంగిట కూడినది. కారణము సావిత్రి మాత్రమే కాదు. మా ప్రాంతమునకే చెందిన తుంగతుర్తి వాస్తవ్యుడు, ఉస్మానియాలో వైద్యవిద్య చదివిన ఎం. ప్రభాకరరెడ్డి నటించిన తొలి చిత్రమది. "మన తుంగతుర్తాయన" తెరమీద కనబడినప్పుడు ముంగిట ఒక సందడి చెలరేగినది.

ఆ గుంపులో మా మేనత్త కూడ కూర్చుండినది. ఆమెకు అప్పటికి ఆఱేడేండ్లనుండి మతి స్థిమితము లేదు. యాదగిరిగుట్టలో నలుబది దినములుండి ప్రదక్షిణములు చేయించిరి. నగరములోని ఆస్పత్రికిని తీసికొనిపోయిరి. ఆ సంగతి తరువాత చెప్పెదను. తెరమీద వార్డులోని రోగులు కనబడినప్పుడెల్ల ముంగిట నవ్వులు. నవ్వినవారు క్రూరులు కారు. వారే మా మేనత్తకు పండుగనాడు పాయసము తెచ్చి యిచ్చెడివారు. తెరమీది పిచ్చికిని తమ ప్రక్కన కూర్చున్న పిచ్చికిని సంబంధమున్నదని వారికి తోచలేదు. నేను నవ్వలేదని చెప్పుకొనజాలను. పండ్రెండేండ్ల బాలుడను, అందఱితోపాటు నవ్వితిని.

చివర సావిత్రి మతి తప్పిన దృశ్యము వచ్చినది. నవ్వులాగినవి. ముసలమ్మలు కొంగులతో కన్నులొత్తుకొనిరి. చిత్రము ముగియగానే ఎవరి చాప వారు చుట్టుకొనుచుండగా మా మేనత్త, దినమంతయు మాటాడని మనిషి, ఒక్క మాట అడిగినది: "గామెకు ఇగ బువ్వ ఎవలు పెడ్తరు?"

ఎవరును బదులు చెప్పలేదు.

ఈ ప్రశ్నను శాస్త్రము ఎట్లు గ్రహించునో చూతము. రసాస్వాదమునకు ఏడు విఘ్నములు కలవని అభినవగుప్తుడు చెప్పినాడు. వానిలో ఒకటి ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడగుట. తన యింటి శోకములో మునిగినవాడు రంగముమీది శోకమును సాధారణముగా, ఎవరిదియు కాని దానిగా అనుభవింపలేడు. కాబట్టి అతనికి రసము సిద్ధింపదు. ఈ విఘ్నమును తొలగించుటకే నాట్యములో గీతవాద్యములు, అలంకృతమైన మండపము ఏర్పడినవని ఆయన యభిప్రాయము. వాని ప్రభావమున హృదయము లేనివాడును సహృదయుడగునట. మన చిత్రములలో పాటలెందుకని అడుగువారికి ఇంతకంటె గంభీరమైన సమాధానము నేనెచటను చదువలేదు.

ఈ సిద్ధాంతము ప్రకారము మా మేనత్త అనధికారిణి. సావిత్రి పాత్రను ఆమె నాయికగా చూడలేదు. మఱునాడు ఆకలిగొను మనిషిగా చూచినది. కథ ముగిసినదని ఆమె గ్రహింపలేదు. పుస్తకములు పఠించిన నా బోటివాడు దానిని లౌకిక భ్రాంతి యని త్రోసివేయవచ్చును. చాల కాలము నేనును అట్లే చేసితిని. కాని ఆ చిత్రముపై నేను విన్న విమర్శలలో ఆ ఒక్క ప్రశ్నయే చిత్రకథ లోపమును పట్టినదని ఇప్పుడు తోచుచున్నది. నర్సు వెఱ్ఱిదగుటతో చిత్రమునకు కావలసిన శోకము సమకూడినది. అటుపై ఆమెతో చిత్రమునకు పనిలేదు. మగరోగికి మమతయే మందన్న వైద్యశాస్త్రము ఆమె వంతు వచ్చినప్పుడు ఎవరి మమతను తెచ్చి యిచ్చును? ఆమెకై ప్రేమను నటించుటకు ఎవరు నియోగింపబడుదురు? స్థాయియైన ఉన్మాదమును చూపుటకు సాహసించిన చిత్రము దాని మఱునాటిని చూపుటకు సాహసింపలేదు. దీని గుణమును దోషమును ఒక్కచోటనే ఉన్నవి.

కరుణరసము ఆనందమునే యిచ్చునని, కాకున్నచో రామాయణమును వినుటకు ఎవ్వరు పోవుదురని విశ్వనాథుడు సాహిత్యదర్పణమున వాదించినాడు. దానికి పూర్వమే నాట్యదర్పణకర్తలు రామచంద్రగుణచంద్రులు కొన్ని రసములు సుఖాత్మకములు, కొన్ని దుఃఖాత్మకములు అని నిర్భయముగా పలికిరి. మన విద్యాలయములలో మొదటి మతమునకే ఆదరము. మానసిక వ్యాధిని చూపి కలచివేయు చిత్రముల విషయమున మాత్రము జైనాచార్యుల మతమే నాకు సమంజసముగా కనబడుచున్నది. చూచి బయటికి వచ్చిన వ్యక్తికి ఆనందము కలుగదు. కలుగవలెనని కోరుటయు సరికాదు. నిద్ర పట్టని రాత్రియే దాని ఫలము కావచ్చును.

అయితే కలచివేసినదెల్ల సత్యమని చెప్పవీలులేదు. ఇచట మఱల భరతుని పట్టికకు పోవలసియున్నది. ఉన్మాదముతోపాటు జడతయను భావమును కూడ ఆయన పేర్కొన్నాడని చెప్పితిని. అడిగినదానికి బదులాడకుండుట, మౌనము, ఱెప్పవేయక చూచుట దాని లక్షణములు. వైద్యగ్రంథముల మాటయు ఇట్టిదే. చరకుడు ఉన్మాదమును ఐదు విధములుగా విభజించినాడు. వానిలో కఫజోన్మాదమునకు ఆయన చెప్పిన గుఱుతులు – ఒకేచోట ఉండిపోవుట, మౌనము, కదలిక తక్కువగుట, ఏకాంతమును కోరుట. నేటి వైద్యులు స్కిజోఫ్రీనియాలో చెప్పు మందగింపు లక్షణములకు ఇవి ఎంతయు దగ్గఱ. మా మేనత్త చేసినదంతయు ఇదే. పొద్దు పొడిచినది మొదలు పొద్దు గ్రుంకువఱకు అరుగుమీద ఒకేచోట కూర్చుండెడిది. ఆమె పరుగెత్తగా, పాడగా, బూడిద పూసికొనగా నేను చూడలేదు. ఇండ్లలో రోగిని సాకిన వారిని అడిగిచూడుడు; అరపులు కొన్నాళ్ళు, ఈ నిశ్శబ్దము ఏండ్లు.

చలనచిత్రము ఉన్మాదమును గైకొని జడతను విడిచినది. కారణము స్పష్టము. తెరకు చలనము కావలెను. కదలనివానిని మూడుగంటలు చూపిన నిర్మాత దివాలా తీయును. నవలకు ఈ నిర్బంధము లేదు. గోపీచంద్ 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావు పతనమంతయు లోపలనుండి నడచును; చదువరి అతని తర్కమునకు లోబడి, ఎచట ఆ తర్కము వక్రించినదో గుర్తింపకయే శ్మశానమువఱకు వెంబడించును. మన తెరకు ఆ లోపలి దారి నేటికిని సరిగా దొరకలేదు. 2018లో ప్రశాంత్ వర్మ తీసిన 'అ!' ఆ దారిని వెదకినది. ఒక స్త్రీ మనస్సును అనేక పాత్రలుగా విడదీసి, ఆ రహస్యమును చివరికి దాచియుంచినది. ప్రయత్నము మెచ్చదగినదే. కాని రహస్యము విడినప్పటి ఆశ్చర్యము ఆమె బాధను మ్రింగినదని నాకనిపించినది.

తక్కిన నవీన చిత్రములనుగూర్చి విస్తరింపను. 2005లో తమిళమునుండి అనువాదమై వచ్చిన 'చంద్రముఖి', 'అపరిచితుడు' రెండును వ్యక్తిత్వవిభజనమును వాడుకొన్నవి. మొదటిదానిలో అది భయానకము. రెండవదానిలో అది దండనాధికారము. 2017లోని 'మహానుభావుడు' శుభ్రతావ్యసనమను వ్యాధిని హాస్యమునకు వాడినది. మూడింటిలోను వ్యాధి నాయికకో నాయకునికో అలంకారము.

2002లో వచ్చిన 'శేషు' సంగతి వేఱు. జీవిత దర్శకత్వమున రాజశేఖర్ నటించిన ఈ చిత్రము బాల తీసిన 1999 నాటి తమిళచిత్రము 'సేతు'కు అనుకరణము. తలకు తగిలిన దెబ్బలతో మతిచెడిన యువకుని, రోగులను గొలుసులతో బంధించియుంచు ఆశ్రమమున చేర్తురు. మూలమును చూచినవారు కొందఱు ఆ గొలుసులు కవికల్పన, అతిశయోక్తి అనుకొనియుందురు. మూలమునకును తెలుగు అనుకరణమునకును నడుమ, 2001 ఆగస్టు 6న, తమిళనాడులోని ఏర్వాడి దర్గా సమీపముననున్న ఒక ఆశ్రయమందిరమున నిప్పంటుకొన్నది. గొలుసులతో కట్టబడియుండుటచే లేచి పరుగెత్తలేక 28 మంది మరణించిరి. ఆ తరువాత 'శేషు'ను చూచిన తెలుగు ప్రేక్షకునికి ఆ గొలుసు చప్పుడు కల్పనగా వినబడియుండదు. ఈ చిత్రములో ప్రేమకథ సామాన్యము, పోరాటములు మఱియు సామాన్యములు. అయినను ఆ ఆశ్రమదృశ్యములు చూపవలసినవని, చూడవలసినవని చెప్పుదును. అది జుగుప్స కలిగించును. బీభత్సమునకు స్థాయి జుగుప్సయే కదా.

ఇట్లు కలచివేయు దృశ్యములు మేలు చేసిన సందర్భము ఒకటి చెప్పితిని. కీడు చేసిన సందర్భము మా యింటనే కలదు. మా మేనత్తను పరీక్షించిన వైద్యుడు, ఆమె తిండి కూడ మానిన దశలో, విద్యుచ్చికిత్స చేయుదమని చెప్పెనట. మా తాతగారు వెంటనే నిరాకరించిరి. ఆయన ఏదో చిత్రమున మనిషిని మంచమునకు కట్టి, నోటిలో గుడ్డ క్రుక్కి, విద్యుత్తు పెట్టగా ఎగిరెగిరి పడుటను చూచియుండిరి. "నా బిడ్డకు కరెంటు వద్దు" అని ఇంటికి తీసికొనివచ్చిరి. 1938లో ఇటలీదేశమున సెర్లెట్టి, బీని అను వైద్యులు ప్రవేశపెట్టిన ఈ చికిత్స తొలినాళ్ళలో మత్తు లేకయే జరిగెడిది. ఇప్పుడు మత్తునిచ్చి, కండరములను సడలించి చేయుదురు; అట్లుగాక చేయుటను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము నిషేధించినది. తిండి, మాట మానివేసిన కొందఱు రోగులకు అది ప్రాణము నిలుపు చికిత్స. మా మేనత్తకు అది గుణమిచ్చియుండునో లేదో నేను చెప్పలేను. ఆమెకు ఆ అవకాశము లేకుండ చేసినది మాత్రము ఒక చిత్రదృశ్యము. దానిని తీసినవారికి మోత్కూరులో ఒక తండ్రి దానిని వైద్యప్రమాణముగా గైకొనునని తోచియుండదు. తోచవలెనని నేననుచున్నాను.

ఈ బాధ్యత ప్రశ్న ఇతరదేశములలోను తలయెత్తినది. 1948లో హాలీవుడ్డునుండి వచ్చిన 'ది స్నేక్ పిట్' చిత్రమును బ్రిటనులో ప్రదర్శించునప్పుడు, అందు కనబడువారందఱు నటులేయని, బ్రిటిషు ఆస్పత్రుల పరిస్థితులు అట్టివి కావని ముందుమాట చేర్చవలసివచ్చినది. 1967లో ఫ్రెడరిక్ వైస్‌మన్ తీసిన 'టిటికట్ ఫాలీస్'లో కనబడువారు నటులు కారు. నిజమైన రోగులు, నిజమైన కావలివారు. రోగుల గౌరవమునకు భంగమని మసాచుసెట్స్ న్యాయస్థానములు సాధారణ ప్రదర్శనమును నిషేధించినవి. ఆ నిషేధము 1991వఱకు సాగినది. రోగుల గౌరవము మాటున ఆస్పత్రి గౌరవము కాపాడబడినదని దర్శకుని పక్షమువారి వాదము. రెండు వాదములలోను సత్యము కలదు. ఎటుతేల్చుటకును నాకు ధైర్యము చాలదు.

మా మేనత్త అడిగిన ప్రశ్నకు తెరమీద నాకు దొరకిన సమాధానమొక్కటే, అది మలయాళమునుండి. 1987లో లోహితదాస్ రచించి సిబి మలయిల్ దర్శకత్వము వహించిన 'తనియావర్తనం'లో బాలగోపాలుడను బడిపంతులు కథానాయకుడు. మమ్ముట్టి ఆ పాత్రధారి. ఆ వంశమున తరమునకొక మగవానికి పిచ్చి పట్టునని ఊరివారి నమ్మిక. పంతులు ఏది చేసినను ఊరు దానిని పిచ్చిగనే చదువును. చివరకు అతనిని పిచ్చివానిగనే చేయును. గొలుసులలోనున్న కుమారునికి తల్లి తన చేతులతో అన్నము తినిపించును. ఆ అన్నమున విషము కలిపియుండును. తానును తినును. బువ్వ ఎవరు పెట్టుదురను ప్రశ్నకు ఇంతటి భయంకరమైన సమాధానమును నేను ఊహింపజాలకపోయితిని. ఇందు ఉన్మాదము ఏ శృంగారమునకును సంచారి కాదు. అది ఊరి సొత్తు. పాటలు ఏ విఘ్నమును తొలగింపలేదు. మా మేనత్త బ్రతికియుండగా ఈ చిత్రమును నేను చూచియుండలేదు. చూచియున్నను ఆమెకు చూపియుండను.

చూపుట, చూపకుండుట అనునది ఉపాధ్యాయులమైన మనకు ఊహాప్రశ్న కాదు. 2015–16లో బెంగుళూరు నిమ్‌హాన్స్ సంస్థ నడపిన జాతీయ సర్వేక్షణములో వయోజనులలో నూటికి 10.6 మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో నున్నారని తేలినది. ముప్పదిమంది విద్యార్థులున్న తరగతిలో ఆ దుఃఖమును ఇంటినుండి మోసికొనివచ్చినవారు ఇద్దఱు ముగ్గురైనను ఉందురు. కొన్నేండ్ల క్రిందట రసచర్చలో భాగముగా స్నాతకోత్తర విద్యార్థులకు 'చివరకు మిగిలేది' ప్రదర్శించితిని. వార్డు దృశ్యములవద్ద ఒక విద్యార్థి లేచి వెలుపలికి పోయినాడు. నిజదుఃఖవివశత్వమను విఘ్నమునకు మంచి ఉదాహరణము దొరకినదని – సిగ్గుతో చెప్పుచున్నాను – నేను మనస్సులో గుర్తు వ్రాసికొంటిని. మఱునాడు అతడు నా గదికి వచ్చి, ఏడుపు వచ్చి పోలేదు సార్, కోపము వచ్చి పోయినాను అనెను. తన అన్న ఆఱు సంవత్సరములుగా ఒక గదిలో గోడవైపు తిరిగి పండుకొనియున్నాడట. "అట్లాంటి మనిషి ఆ ఆస్పత్రిల ఒక్కడు గూడ లేడు" అనెను.

అతడు రసాస్వాదమునకు అనర్హుడా? అభినవగుప్తుని పుటలు తెఱచి వెదకినను నాకు ఔననుటకు మనసొప్పలేదు. వ్యాధిని చూపు చిత్రము ఆ వ్యాధిని ఎఱిగిన ప్రేక్షకుని బయటికి పంపివేసి, ఎఱుగనివానికి కన్నీరు తెప్పించినచో, లోపము ప్రేక్షకునియందు వెదకుట న్యాయమా? శాస్త్రము విఘ్నమన్నదానిని ఈ జాతి చిత్రముల విషయమున ప్రమాణముగా గైకొనవలెనని నా ప్రతిపాదన. అరుగుమీద కూర్చున్న మనిషి ప్రక్కన కూర్చుండి ఆ చిత్రమును చూడగలమా? ఆమె అడిగినదానికి అది బదులు చెప్పునా? పండితులు దీనిని ఖండింపవచ్చును. ఖండనము నాకు ఉపకారమే.

ఈ సంవత్సరమును ఆ చిత్రమును ప్రదర్శించితిని. ఈసారి ప్రదర్శనమునకు ముందే కథ యంతయు చెప్పితిని. తలుపు తెఱచియుంచి, ఎవరైనను ఎప్పుడైనను లేచి పోవచ్చునంటిని. ఎవరును పోలేదు. ముగిసిన పిమ్మట సావిత్రి నటనను గూర్చి చాలమంది మాటాడిరి. వెనుక వరుసలోని ఒక అమ్మాయి మాత్రము, వార్డు దృశ్యములలో వెనుక గోడకు ఆనుకొని నిలుచున్న ఆడమనిషి ఎవరని అడిగినది. ఆ భాగమును త్రిప్పి మరల చూచితిమి. ఆ నటి పేరు మాలో ఎవరికిని తెలియలేదు. ఆమె ఏమియు చేయదు. నిలుచుండును, అంతే.